తాడుమనిషి వేళ్ళు

తాత ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే అమ్మమ్మ ఒక్క ముక్కలో తేల్చేసేది. "తాడు పట్టుకుని నిలబడతాడు."

ఆ మాట విన్నప్పుడల్లా తాతకి తల కొట్టేసినట్టయ్యేది. "తాడు కాదే, అంబిలికల్! గాలి గొట్టం, ఫోను తీగ, ప్రాణతాడు, మూడూ కలిపి కట్టిన కట్ట. నీళ్ళలో ఉన్నవాడికి అదే ఊపిరి. అంబిలికల్ అంటే బొడ్డుతాడు. కడుపులో బిడ్డకి ఉంటుంది చూడు, అది."

"అబ్బో, అయితే నువ్వు తల్లివన్నమాట. కన్నావు కన్నావు, మీసాలున్న బిడ్డని కన్నావు!"

మీసాలున్న బిడ్డ అంటే అల్లుడు. ఓడల అడుగులు గీకడం, తెగిపడిన గొలుసులు వెతకడం, రేవు నీటి గేట్ల కింద పేరుకున్న చెత్త తీయడం అతని పని. అతను నీళ్ళలో దిగితే, గట్టు మీద ఆ కట్ట పట్టుకుని నిలబడటం తాత పని. తాత "అల్లుడూ, అల్లుడూ" అని పిలవడం విని విని రేవులో అందరూ అలాగే పిలవడం మొదలుపెట్టారు. సూపర్వైజరు కూడా పొద్దున్నే "అల్లుడొచ్చాడా?" అనే అడిగేవాడు. పాపం, రేవంతా అతనికి అత్తారిల్లే అయిపోయింది. అల్లుడి మర్యాదలు చేసినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

తాతకి పని మీద ఎంత ప్రేమో పని మాటల మీద అంత పిచ్చి. పలక పగలగొట్టి బడి నుంచి పారిపోయిన మనిషి, పాత డైవింగ్ పుస్తకంలోని మాటలన్నీ ఎవరెవరి చేతో చదివించుకుని, నోటికి నేర్చుకుని, ఒక్కోదానికి సొంత పేరు పెట్టుకున్నాడు. నీటి బరువుకి చెవులూ ముఖమూ పిండేసినట్టయ్యే బాధని పుస్తకం స్క్వీజ్ అంటే తాత నొక్కుడు అన్నాడు. లోతుకి పోయినకొద్దీ తాగినవాడిలా లేనిపోని ధైర్యం వచ్చేస్తుంది, దాన్ని నార్కోసిస్ అంటారు. తాతకది లోతుమత్తు. తాడు పట్టేవాడు పుస్తకంలో టెండరు, తాత భాషలో తాడుమనిషి. ఇంట్లో ఎవరైనా స్నానాలగదిలో ఆలస్యం చేస్తే తలుపు బాది, "బాటమ్ టైమ్ అయిపోయింది, పైకి రండి!" అని అరిచేవాడు. బాటమ్ టైమ్ అంటే అడుగున ఉన్న సమయమే కదా అని ఎవరైనా నోరు జారారో, ఇక అయిపోయారే. "కాదు! తల మునిగిన క్షణం నుంచి అడుగు వదిలి పైకి బయలుదేరిన క్షణం దాకా. దిగడానికి పట్టిన సమయం కూడా అందులోదే..." అని పాఠం మొదలయ్యేది. ఆ పాఠానికి భయపడి మనవలు ఒంటి మీద సబ్బుతోనే బయటికొచ్చేవారు.

వయసులో ఉన్నప్పుడు తాత కూడా నీళ్ళలో దిగినవాడే. ఎడమ చెవి ఎలా పోయిందంటే ఆయన చెప్పే కథలో ఒక తుఫాను వస్తుంది, ఒక ఓడ మునుగుతుంది, హుషారుగా ఉన్న రోజున సొరచేప కూడా వస్తుంది. అమ్మమ్మ చెప్పే కథ చిన్నది. "జలుబు చేసింది. వెళ్ళొద్దన్నాను. వెళ్ళాడు." ముక్కు మూసుకుపోయి ఉంటే చెవుల్లోకి గాలి సర్దుకోదు. తాత మాటల్లో చెప్పాలంటే చెవులు తీయలేడు. చెవులు తీయకుండా దిగాడు, నొక్కుడు కొట్టింది, లోపలి పొర చిరిగింది. డాక్టరు ఇక నీళ్ళ వైపు చూడొద్దన్నాడు. అలా చేతికి తాడొచ్చింది.

ఇక్కడి నుంచి తాత గొప్పల్లో ఒక్క పిసరు కూడా తగ్గించనక్కర్లేదు. ఆ రేవు నీళ్ళు ఎంత మురికంటే, అడుగుకి దిగినవాడికి తన చెయ్యి తనకే కనపడదు. ఫోను ఉంటుంది గానీ, పక్కనే గాలి కొట్టే కంప్రెసరు మోత, సగం మాటలు అందులోనే కలిసిపోతాయి. కాబట్టి నమ్మకమంతా తాడు మీదే. ఒక్క లాగుడు లాగితే, ఆగు అని. రెండు లాగితే, వదులు చెయ్యి అని. నాలుగు లాగితే, పైకి తీసుకో అని. మామూలు తాడుమనిషికి ఇంతే తెలుసు. తాతకి మాత్రం వేళ్ళ మధ్య ఆ కట్ట ఆడే తీరుని బట్టి, కిందవాడు నడుస్తున్నాడా, మోకాళ్ళ మీద ఉన్నాడా, సుత్తి పట్టాడా, రంపం పట్టాడా, విసుక్కుంటున్నాడా, అన్నీ తెలిసిపోయేవి. ఓసారి ఫోను తీసుకుని, "అల్లుడూ, కాస్త కూర్చో. ఆయాసపడుతున్నావు" అన్నాడు.

"మీకెలా తెలిసింది మామయ్యా?" అని కింద నుంచి గొంతు.

"నువ్వు చెప్పలేదు గానీ నీ తాడు చెప్పింది. అది నీ కన్నా మర్యాదస్తురాలు."

అసలు పెళ్ళి సంబంధం కుదిర్చింది కూడా తాడే. అల్లుడు అప్పటికింకా అల్లుడు కాడు, కొత్తగా పనిలో చేరిన డైవరు. ఒకరోజు అడుగున గొలుసులో కాలు ఇరుక్కుంది. ఇంకొకడైతే గింజుకుని గొట్టం తెంపుకునేవాడు. ఇతను నింపాదిగా రెండు లాగి, వదులు అడిగి, కాలు తీసుకుని, మళ్ళీ పనిలో పడ్డాడు. ఆ సాయంత్రం తాత ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే, "అమ్మాయికి సంబంధం చూశాను" అన్నాడు.

"ఎవరు? ఎలా ఉంటాడు?" అంది అమ్మమ్మ.

"ముఖం సరిగ్గా చూడలేదు. తాడు మీద మాత్రం బంగారం."

అమ్మమ్మ నెత్తి కొట్టుకుంది. కూతురు మర్నాడు తండ్రికి గొడుగు ఇచ్చే వంకతో ఎర్రటి ఎండలో రేవుకి వెళ్ళి, ఆ ముఖం కూడా చూసొచ్చి, ఫరవాలేదంది. పెళ్ళయ్యాక అల్లుడు ఇంటికే వచ్చేశాడు, తనూ రేవులోనే పనికి కుదిరింది. నీళ్ళలోంచి వచ్చిన సూట్లు కడిగి ఆరబెట్టడం, చిరుగులకి అతుకులు వేయడం. మొగుడు నీళ్ళలో, తండ్రి గట్టు మీద, తను వెనక రేకుల షెడ్డులో. మధ్యాహ్నం ముగ్గురూ ఒకే డబ్బా చుట్టూ కూర్చుని తినేవారు. మొగుడి సూటు ఉతికేది తనే, తండ్రి పాఠాలు వినేదీ తనే. రెంటిలో ఏది ఎక్కువ కంపు అని అడిగితే చెప్పేది కాదు.

తాడుమనిషికి తాత పెట్టిన నియమాలు కొన్ని ఉన్నాయి. కూర్చోకూడదు. తాడు చేతికి చుట్టుకోకూడదు, కిందవాడు జారితే మణికట్టు ఊడొస్తుంది. చేతుల వంక చూడకూడదు. కళ్ళు బుడగల మీదే ఉండాలి, బుడగలు ఆగాయంటే ఊపిరి ఆగినట్టు. తాడుని చూసే పని వేళ్ళది.

ఇక అన్ని మాటల్లోకీ తాతకి ఇష్టమైనది మజిలీ. పుస్తకంలో డీకంప్రెషన్ స్టాప్ అని ఉండేది. లోతులో ఎక్కువసేపు ఉంటే పీల్చిన గాలి ఒంట్లోకి ఇంకిపోతుంది. నెమ్మదిగా పైకొస్తే నెమ్మదిగానే బయటికి పోతుంది. ఒక్కసారిగా వచ్చేస్తే మూత తీసిన సోడాలా నెత్తుట్లో బుడగలు లేస్తాయి. కీళ్ళలో చేరితే ప్రాణం తీసే నొప్పి, వెన్నులో చేరితే కాళ్ళు పడిపోతాయి. దాని పేరు బెండ్స్. ఆ ఒక్కదానికీ తాత సొంత పేరు పెట్టలేదు. పేరు పెట్టి ఇంటికి పిలవడం ఎందుకనుకున్నాడేమో.

అది రాకుండా, పైకొచ్చే దారిలో మజిలీలు. ఎక్కడ ఆగాలో తెలియడానికి తాత ఆ కట్టకి గుడ్డముక్కలు ముడివేసేవాడు. పైకి తీసుకుంటుంటే గుడ్డ వేళ్ళ మధ్యకి రాగానే చేతులు వాటంతటవే ఆగిపోయేవి. కింద అల్లుడు ఆ చీకట్లో, ఎంత లోతులో ఉన్నాడో తనకే తెలియకుండా, మామ ఆపినచోట వేలాడేవాడు. చాలాసేపు. అక్కడ కునుకు కూడా తీశానని చెప్పేవాడు. లోతు చూపించే గేజీ సూపర్వైజరు బల్ల మీద ఉండేది. మామ చేతులు ఉండగా దాని ముఖం చూసేవాళ్ళెవరు?

*

మొదట పోయింది చొక్కా గుండీ. ఒకరోజు పొద్దున్న తాత గుండీ పెట్టుకోలేక అద్దం ముందు తిట్టుకుంటుంటే అమ్మమ్మ వచ్చి పెట్టింది. "కొత్త పెళ్ళికొడుకు వేషాలు!" అంది. తాత నవ్వేశాడు. కానీ వేళ్ళ కొసలు చేతికి తొడుక్కున్న వేరేవాళ్ళ వేళ్ళలా ఉన్నాయని చెప్పలేదు.

ఒంట్లో చక్కెర జబ్బు ఉంది, జాగ్రత్త అని డాక్టరు ఏనాడో చెప్పాడు. తాత దాన్ని తీపి కబురులా విని మర్చిపోయాడు. ఆ జబ్బు చప్పుడు చేయకుండా వచ్చి చేతుల్లో కూర్చుంది. ఓ సాయంత్రం అమ్మమ్మ పొయ్యి మీంచి దించిన టీ గ్లాసు తాత గుప్పెట్లో పట్టుకుని హాయిగా కబుర్లు చెబుతున్నాడు. అమ్మమ్మ గ్లాసు లాక్కుని, అరిచి, కొంగుతో పట్టుకోవలసి వచ్చింది.

"ఏమయ్యా, కాలడం లేదూ?"

"తాడు పట్టిన చేతులే ఇవి. మొద్దుబారతాయి మరి."

"మొద్దుబారడం వేరు. బొబ్బ లేచింది, చూడు."

"నీ టీకి అంత శక్తి ఉందని నాకు తెలియదు," అన్నాడు తాత. అమ్మమ్మ నవ్వలేదు. ఆ రోజు నుంచి ఆయనకి టీ చల్లార్చి ఇచ్చేది, మాట మాత్రం పైకి ఎత్తలేదు. ఇంట్లో ఎవరూ మాట్లాడుకోని విషయం ఒకటి ఉంటే ఎలా ఉంటుందో అలా ఉండేది ఇల్లు.

గట్టు మీద తాత ఉపాయాలు మొదలుపెట్టాడు. కట్టని మోచేతి మడతలోంచి వేసుకునేవాడు, అక్కడ ఇంకా కాస్త తెలిసేది. తర్వాత అదీ చాలక, తన నియమం తనే మీరి, కోటు చేతి కింద మణికట్టుకి ఒక చుట్టు చుట్టుకునేవాడు. పాత బూడిదరంగు గుడ్డలు పారేసి, మజిలీలకి ఎర్రగుడ్డలు కట్టాడు. కళ్ళు బుడగల మీద ఉన్నా, ఎర్రగా ఏదైనా వస్తే కంటి కొసకి తగులుతుందని. "ఏమిటి మామయ్యా, తాడుకి కొత్త బట్టలు?" అని అల్లుడు అడిగితే, "పాతవి చీకిపోయాయి" అన్నాడు.

చెప్పేయొచ్చు కదా అంటే, తాత దగ్గర దానికి జవాబు సిద్ధంగా ఉంది. కొత్తగా వచ్చేవాడికి వేళ్ళు బాగుంటాయి, కానీ అల్లుడి ఊపిరి వాడికేం తెలుసు? ఈ జవాబు తనకి తను రోజూ చెప్పుకునేవాడు. రోజూ చెప్పుకోవలసి వచ్చిందంటేనే తెలుస్తోంది, అది ఎంత గట్టి జవాబో. దాని అడుగున ఉన్నది వేరే. తాడు లేకపోతే తాత ఎవరు? ఒంటి చెవి ముసలాయన, నోటినిండా మాటలున్నవాడు. అలాంటివాళ్ళు గేటు బయట టీ కొట్టు దగ్గర బోలెడుమంది.

ఏటా జరిగే పరీక్ష ఆ మధ్యలోనే వచ్చింది. సూపర్వైజరు పుస్తకం తెరిచి కళ్ళజోడు సర్దుకున్నాడు. "అంబిలికల్?"

"బొడ్డుతాడు."

"పెద్దాయనా, పుస్తకంలో ఉన్నది చెప్పండి, నా ఉద్యోగం ఉండనివ్వండి."

తాత పుస్తకంలో ఉన్నదీ చెప్పాడు, లేనిదీ చెప్పాడు. బాటమ్ టైమ్ చెప్పాడు. ఒకసారి మునిగి వచ్చాక ఒంట్లో మిగిలిపోయే గాలి గురించి చెప్పాడు, రెండోసారి దిగినప్పుడు దాన్నెలా కలుపుకోవాలో చెప్పాడు. మజిలీ తప్పితే మనిషిని ఒత్తిడి చాంబర్‌లో ఎలా పెట్టాలో, ఆలస్యమైతే ఏం జరుగుతుందో గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. సూపర్వైజరు పుస్తకం మూసేశాడు.

"ఇంకేమైనా చూస్తారా?" అని అడిగాడు తాత. అడిగి, రెండు చేతులూ బల్ల మీద పెట్టాడు.

"చూడటానికేముంది? మిమ్మల్ని పరీక్ష చేయడమే నాకు సిగ్గుగా ఉంటుంది. వెళ్ళిరండి."

తాత ఆ చేతులు అక్కడే కాసేపు ఉంచి, తర్వాత జేబుల్లో పెట్టుకుని బయటికొచ్చాడు. నెగ్గినందుకు సంతోషం వేయలేదు. పట్టుబడనందుకు ఊపిరి మాత్రం పీల్చుకున్నాడు, అదీ సగమే.

*

పెద్ద ఓడలు ఆగే లోతు బెర్తు దగ్గర ఒక లంగరు తెగి పడిపోయింది. దాన్ని వెతికి గొలుసు తగిలించాలి. అల్లుడు పొద్దున్నే దిగాడు. సన్నగా వాన పడుతోంది. చలికి తాత మోచేతి మడత కూడా మొద్దుబారింది. అందుకని మణికట్టుకి ఒకటికి రెండు చుట్లు వేసుకున్నాడు.

లంగరు దొరికింది. గొలుసు తగిలించేసరికి చాలాసేపు పట్టింది. ఇక పైకి రావాలి అనగా ఫోను గరగరమని, చచ్చిపోయింది. సూపర్వైజరు పెట్టె మూత విప్పి తల అందులో దూర్చాడు. "పెద్దాయనా, తాడు మీద తీసుకురండి. మజిలీలు రెండూ పూర్తిగా!" అన్నాడు లోపల్నుంచే.

తాత నాలుగు లాగాడు. కింద నుంచి జవాబుగా గట్టి లాగుళ్ళు మణికట్టుకి తెలిశాయి. హమ్మయ్య అనుకుని తీసుకోవడం మొదలుపెట్టాడు. కళ్ళు బుడగల మీద, మనసు ఎర్రగుడ్డ మీద. చుట్లు వదులు చేసి, చెయ్యి మీద చెయ్యి వేసి లాగుతున్నాడు, మణికట్టుకి ఇక బరువు తప్ప ఏమీ తెలియడం లేదు. గుడ్డ ఇంకా రాలేదు. వస్తుంది. ఇంత తాడు అయ్యాక రావాలి. వస్తుంది.

లంగరు అడుగు బురదలో పడి ఉంది. ఆ బురదలో ఈడ్చుకుపోయిన కట్ట కూడా తారు పూసినట్టు నల్లగా పైకొస్తోంది. ఎర్రగుడ్డ కూడా నల్లగానే వచ్చింది. తాత వేళ్ళ మధ్యలోంచే వచ్చింది, వెళ్ళిపోయింది. రెండోదీ అలాగే పోయింది.

బుడగలు ఉన్నట్టుండి పెద్దవయ్యాయి. నీళ్ళు తెల్లగా పొంగాయి. వాటి మధ్యలోంచి పచ్చటి టోపీ, అంటే డైవరు తలకి తొడుక్కునే ఇనుప బుర్ర, పైకి తేలింది. అడుగు నుంచి సరాసరి పైకి. మధ్యలో ఒక్క మజిలీ లేదు.

సూపర్వైజరు చప్పుడు విని తల తీశాడు. "ఇదేంటి! అప్పుడే... ఆపలేదా? పెద్దాయనా, ఆపలేదా?"

తాత నోరు తెరిచాడు. అన్ని మాటలున్న నోట్లోంచి ఒక్కటీ రాలేదు.

నిచ్చెన మీద అల్లుడు టోపీ తీశాడు. ముందు మామ ముఖం చూశాడు. తర్వాత కోటు చేతి కిందికి, మణికట్టు చుట్టూ ఉన్న చుట్ల మీదికి అతని చూపు వెళ్ళింది. అక్కడ ఒక్క క్షణం ఆగింది.

"నేనే వచ్చేశాను సార్," అన్నాడు. "ఫోను పోయేసరికి భయమేసింది."

"నీకా? భయమా?"

"నాకే."

మాటలకి సమయం లేదు. పరిగెత్తించి చాంబర్‌లో పెట్టారు. అది గట్టు మీద పడుకోబెట్టిన ఇనుప పీపా, మనిషి పట్టేంత. మళ్ళీ లోతులో ఉన్నంత ఒత్తిడి పెట్టి, గంటల తరబడి నెమ్మదిగా తగ్గిస్తారు. కూతురు షెడ్డులోంచి, చేతిలో సగం పిండిన సూటుతోనే పరిగెత్తుకొచ్చింది. పీపాకున్న గుండ్రటి అద్దంలోంచి చూసింది. లోపల అల్లుడు భుజం చూపించి ముఖం చిట్లించాడు. కాసేపటికి ఎడమ కాలు మీద గుద్దుకుని, తెలియడం లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

ఆమె తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, ఆయన భయపడ్డారా?"

తాత వాన వైపు చూశాడు.

"తాడు మీద నువ్వే కదా ఉన్నావు. నీకు తెలియాలి కదా."

"ఫోను పోయింది కదమ్మా," అన్నాడు తాత.

అది అబద్ధం కాదు. నిజమూ కాదు. ఇంట్లో ఇన్నేళ్ళ కథల్లో ఆయన ఎన్ని సొరచేపల్ని తెచ్చినా ఎవరూ పట్టించుకోలేదు. ఈ చిన్న మాట మాత్రం ఆయన గొంతులో ముల్లులా ఉండిపోయింది.

*

భుజం నొప్పి చాంబర్‌లోనే పోయింది. ఎడమ కాలు మాత్రం వెనకబడింది. నడుస్తుంటే ఆ పాదం నేలని గీసేది, తడి గోనె ఈడ్చినట్టు. డాక్టరు నెలల మాట చెప్పాడు. సూపర్వైజరు చెప్పిన మాట ఇంకా చెడ్డది. భయపడి మజిలీ వదిలి వచ్చేసిన డైవర్ని మళ్ళీ నీళ్ళలోకి పంపరు. అది ఆయన పెట్టిన నియమం కాదు, ఎక్కడైనా అంతే. విచారణ జరుగుతుంది, పేరు తీసేస్తారు.

విచారణ ముందురోజు సాయంత్రం అల్లుడు ఇంటి మెట్టు మీద కూర్చుని కాలు రుద్దుకుంటున్నాడు. తాత వచ్చి పక్కన కూర్చున్నాడు, వినపడే చెవి అతని వైపు పెట్టి.

"లాగావా?" అని అడిగాడు.

"లాగాను."

"చాలాసార్లా?"

అల్లుడు కాలు రుద్దుకోవడం ఆపాడు. "ఆగు, ఆగు అని లాగుతూనే ఉన్నాను మామయ్యా. వెలుతురు కనపడేదాకా."

"మరి అలా ఎందుకు చెప్పావు?"

"మీరేం చెప్పలేదుగా. ఎవరో ఒకరు ఏదో ఒకటి చెప్పాలి." తర్వాత, కాలు వంక చూస్తూ, "మీ చేతికి చుట్టు చూశాను. మీరలా చుట్టుకోరు. అప్పుడే అర్థమైంది. తాడు తీసేసుకుంటే మీరు ఏమైపోతారో అనిపించింది. ఆ క్షణంలో అంతే తోచింది."

"ఇప్పుడు?"

"ఇప్పుడు రోజూ పొద్దున్న లేచి ఈ కాలుని చూస్తుంటే..." అల్లుడు మాట పూర్తి చేయలేదు. పూర్తి చేసి ఉంటే తాతకి కాస్త నయంగా ఉండేది.

లోపల నుంచి అమ్మమ్మ ఇద్దరినీ అన్నానికి పిలిచింది. ఇద్దరూ లేవలేదు.

మర్నాడు ఆఫీసు గదిలో సూపర్వైజరు, అల్లుడు, తాత. మూల బెంచీ మీద కూతురు. తాత లేచి నిలబడి చెప్పేశాడు. వేళ్ళకి తెలియడం లేదని, చాలాకాలంగా తెలియడం లేదని, గుడ్డలు రెండూ చేతిలోంచే పోయాయని, అల్లుడు ఆపమని లాగితే తెలియలేదని.

సూపర్వైజరు జాలిగా నవ్వాడు. "పెద్దాయనా, కూతురి కాపురం కోసం నింద మీ మీద వేసుకుంటున్నారు. నాకు తెలియదా? మొన్ననే కదా పరీక్షలో పుస్తకం మొత్తం అప్పజెప్పారు."

"పుస్తకం నోటికొచ్చు సార్. చేతులు అడగలేదు మీరు."

"ఇన్నేళ్ళుగా చూస్తున్నాను మీ చేతుల్ని..."

"అయితే ఇప్పుడు చూడండి," అన్నాడు తాత. గోడకి తగిలించిన తాడు తీసి ఒక కొస పట్టుకుని గోడ వైపు తిరిగాడు. మోచేతి మడతలో వేసుకోలేదు, చుట్టుకోలేదు. ఏళ్ళ తరబడి పట్టినట్టే, వేళ్ళతో. "రెండో కొస అమ్మాయికివ్వండి. ఎన్ని లాగిందో నేను చెప్తాను. సరిగ్గా చెబితే, నేను అబద్ధాలకోరుని."

కూతురు లేచి రెండో కొస తీసుకుంది. తాత గోడ మీద పెచ్చులూడిన చోటు చూస్తూ నిలబడ్డాడు. కాసేపయింది.

"ఊఁ, కానివ్వమ్మా," అన్నాడు.

ఇంకాస్త సేపయింది.

"ఏమ్మా, ఇంకా మొదలుపెట్టలేదా?"

జవాబు రాకపోతే వెనక్కి తిరిగాడు. తాడు బిగుసుకుని ఉంది. కూతురు ఎప్పుడో లాగి, రెండు చేతులతో అలాగే పట్టుకుని ఉంది. ఆమె కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, చేతులు మాత్రం తాడు వదల్లేదు. సూపర్వైజరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

"చాలమ్మా," అన్నాడు ఆయన చివరికి. "వదిలెయ్."

*

అల్లుడి మీద మచ్చ పోయింది, పేరు నిలబడింది. కాలు మాత్రం పూర్తిగా నిలబడలేదు. లోతు పనులకి డాక్టరు ఇక ఒప్పుకోడు. గట్టు పక్కన, తక్కువ నీళ్ళలో ఓడల అడుగులు గీకే పని మాత్రం ఇవ్వొచ్చన్నాడు. తాతని ఇంటికి పంపేశారు. పంపేటప్పుడు సూపర్వైజరు ఆయన చెయ్యి పట్టుకుని ఊపాడట. ఎంత గట్టిగా పట్టుకున్నాడని అమ్మమ్మ అడిగితే, "నాకెలా తెలుస్తుందే?" అన్నాడు తాత. ఇద్దరూ నవ్వుదామని చూశారు, కుదరలేదు.

కూతురు తండ్రితో మాట్లాడటం మానేసింది. తిట్టలేదు, అలగలేదు. కంచం పెట్టేది, మంచినీళ్ళు పెట్టేది, నాన్నా అన్న పిలుపు మాత్రం మింగేసింది. స్నానాలగదిలో పిల్లలు ఎంతసేపు ఉన్నా తలుపు బాదేవాళ్ళు లేరు. అంత ప్రశాంతత పిల్లలకే నచ్చలేదు.

తాడుమనిషి పని కోసం కొత్తవాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చారు. కూతురు ఒక్కొక్కరి చేతులూ చూసి, వద్దంది. ఒకడు తాడు పట్టుకుని కబుర్లు చెబుతాడు, ఒకడు కూర్చుంటాడు. చివరికి, "నేనే పట్టుకుంటాను" అంది. సూపర్వైజరు నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానేశాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె పెరట్లోకి తాడు చుట్ట తెచ్చి, తండ్రి ముందు పడేసింది.

"నేర్పు," అంది.

తాత చాలా రోజుల తర్వాత నోరు విప్పాడు. వదులు అంటే ఎంత వదులో, బిగువు అంటే ఎంత బిగువో చెప్పాడు. లాగుళ్ళు చెప్పాడు, బుడగలు చెప్పాడు. తన మణికట్టు వంక చూసుకుని, చుట్టుకోకూడదు అని కూడా చెప్పాడు. ఆమె వింటోంది, తల ఎత్తకుండా. అల్లుడు మెట్టు మీద కాలు చాపుకుని చూస్తున్నాడు.

"మజిలీ గుడ్డ వచ్చినట్టు ఎలా తెలుస్తుంది?" అని అడిగింది.

తాత గుడ్డముక్క తీసి తాడుకి ముడి వేయబోయాడు. వేళ్ళు రెండుసార్లు జారాయి. ఆమె చూసి, సాయం చేయకుండా కాసేపు అలాగే ఉంది. తర్వాత గుడ్డ తీసుకుని తనే ముడి వేసింది.

"అదీ..." అన్నాడు తాత. "గుడ్డ వస్తే... వేళ్ళకి..." ఆగిపోయాడు. పుస్తకంలో ఉన్న మాటా తోచలేదు, తను పెట్టిన పేరూ ఏదీ లేదు. దానికి మాట అవసరం ఇన్నేళ్ళలో ఎప్పుడూ పడలేదు. "నువ్వు లాగు. ఎదురింటి కప్పు వంక చూస్తూ లాగు. చేతుల వంక చూడకు."

ఆమె ఎదురింటి కప్పు వంక చూస్తూ, చెయ్యి మీద చెయ్యి వేసి లాగింది. గుడ్డ నేల మీంచి లేచి, ఆమె గుప్పెట్లోకి వచ్చింది. చేతులు ఠక్కున ఆగాయి. కళ్ళు ఇంకా కప్పు మీదే ఉన్నాయి.

తాత ఆ వేళ్ళ వంక చాలాసేపు చూశాడు.

"ఆగావు," అన్నాడు.

"ఆగాలి కదా," అంది ఆమె. తాడు మళ్ళీ కిందికి వదిలి, మొదటి నుంచి లాగడం మొదలుపెట్టింది.